తాడు నడిచిన దారి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. డాన్యూబ్ నది వెంట సైకిల్ యాత్ర, దాని అందాల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. అందాలకు రెండు నిమిషాలు చాలు.

జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు. పాసౌలో పురపాలక భవనం గోడ మీద వరద గుర్తులు ఉన్నాయి. 2013 గుర్తు చూడటానికి తల పూర్తిగా ఎత్తాల్సి వచ్చింది. ష్లోగెన్ దగ్గర కొండ అడ్డుపడి నది వచ్చిన దిక్కుకే మళ్ళుతుంది. ఒక ఒడ్డున దారి తెగిపోతే సైకిళ్ళతో సహా పడవ ఎక్కించారు. వాఖౌ లోయలో ద్రాక్షతోటలు, ఆప్రికాట్ చెట్లు, ఇంగ్లండు రాజు రిచర్డును బంధించిన ద్యూర్న్‌స్టైన్ కోట. అందాలు అయిపోయాయి.

ఆ దారి అంత చదునుగా, నీటిని అంటిపెట్టుకుని ఎందుకుంది? ఆవిరి ఓడలు రాకముందు ఎదురుప్రవాహంలో సరుకు పడవలను ఒడ్డునుంచి గుర్రాలు తాళ్ళతో లాగేవి. అవి నడిచిన బాటే చాలా చోట్ల ఇప్పటి సైకిల్ దారి. బస చేసిన ఇంటావిడ ఈ మాట చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా తాతది ధవళేశ్వరం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారులు. గాలి పడిపోతే మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగాలి. అక్కడ గుర్రాలు, ఇక్కడ మా తాత! ఆయన భుజం కాయకట్టి ఉండేది. చిన్నప్పుడు ఎక్కి కూర్చుంటే గరుకుగా తగిలేది. "నొప్పి లేదా తాతా?" అంటే, "అది నాది కాదురా, పడవది" అనేవాడు.

చీటీ అందింది అధ్యక్షా, ఇంకొక్క నిమిషం.

పోయిన నెల తాత నడిచిన గట్టు మీద సైకిల్ తీశాను. రెండు కిలోమీటర్లు వెళ్ళానో లేదో తుమ్మముల్లు దిగి ట్యూబు పోయింది. నడిపించుకుంటూ వెళ్తే చెత్తకుప్ప, దాని తర్వాత ఎవరిదో ప్రహరీ, నేరుగా కాలువలోకి. తాడు నడిచిన చోట ఇప్పుడు మనిషికి దారి లేదు. అవునా, కాదా? వెనక వరుసలో గట్టు పక్క ఇళ్ళవాళ్ళు ఉన్నారు, మీరే చెప్పండి.

ప్రహరీల సంగతి అర్జీలు పెట్టి తేల్చుకుందాం. తుమ్మలకు అర్జీ అక్కర్లేదు. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి లాకుల దగ్గర ఉంటాను. పంక్చరు సామాను నేను తెస్తాను. కత్తులు, గొడ్డళ్ళు మీరు తెండి.