రికార్డులో లేని అడవి, రికార్డులో లేని మనుషులు

అందరికీ నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో పర్యావరణ న్యాయం, సామాజిక న్యాయం గురించి మాట్లాడమన్నారు. మామూలుగా ఈ రెండింటికీ వేర్వేరు సభలు పెడతారు. మొదటిదాంట్లో మొక్కలు పంచుతారు, రెండోదాంట్లో అంబేడ్కర్ పటానికి దండ వేస్తారు. రెండూ ఒకే ఫైలని నా వాదన. దానికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఒక్కటి చాలు.

ఈ యూనివర్సిటీ ఊరికే రాలేదు. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత జై ఆంధ్ర ఉద్యమం, వాటిని చల్లార్చడానికి 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకం, దాని కోసం రాజ్యాంగంలో చేర్చిన 371-ఇ, అంటే ఇక్కడ సెంట్రల్ యూనివర్సిటీ పెట్టడానికి వీలిచ్చే అధికరణ. అట్లా 1974లో పుట్టింది. గచ్చిబౌలి దగ్గర 2,300 ఎకరాలకు పైగా భూమి చూపించారు. చూపించారు గానీ, యూనివర్సిటీ పేరు మీద హక్కు రాసివ్వలేదు. అప్పుడా రాళ్లూ తుప్పలూ ఎవరికి కావాలి? తర్వాత పక్కన ఐటీ వచ్చింది, రాళ్లకు రేటొచ్చింది. స్టేడియానికి కొంత, బస్ డిపోకు కొంత పోయింది. 2003-04లో 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే కంపెనీకి క్రీడా అకాడమీల కోసమని ఇచ్చారు. బదులుగా గోపన్‌పల్లిలో యూనివర్సిటీకి భూమి ఇచ్చామని ప్రభుత్వం అంటుంది. 2004లో వచ్చిన ప్రభుత్వం 2006లో ఆ కేటాయింపును రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2024లో తేలింది, భూమి ప్రభుత్వానిదే అయింది.

ఆ కేసు నడిచినన్నాళ్లూ కంచ గచ్చిబౌలిని, అంటే ఆ 400 ఎకరాల్ని, ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. చెట్లు పెరిగాయి, జింకలు తిరిగాయి, నక్షత్ర తాబేళ్లు బతికాయి. క్యాంపస్ మొత్తం మీద రెండొందలకు పైగా పక్షి జాతులను విద్యార్థులూ అధ్యాపకులూ ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టారు. మన దేశంలో కొన్ని అడవుల్ని అటవీ శాఖ కంటే లిటిగేషనే బాగా కాపాడుతుందేమో!

కేసు గెలిచిన ప్రభుత్వం భూమిని టీజీఐఐసీకి, అంటే పరిశ్రమలకు భూములిచ్చే తన సంస్థకే, అప్పజెప్పింది. 2025 మార్చి 30న, ఉగాది రోజున, జేసీబీలు దిగాయి. మర్నాడు రంజాన్. వరుస సెలవులు. కోర్టులకూ సెలవే. అడ్డుపడ్డ విద్యార్థుల్ని యాభై మందికి పైగా పట్టుకెళ్లారు. రాత్రుళ్లు లైట్లు వేసుకుని మరీ చెట్లు కొట్టేశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని ఆపేసరికి దాదాపు వంద ఎకరాలు నేలమట్టమయ్యాయి. సెలవులు చూసుకుని అంత తొందరేమొచ్చిందని కోర్టు అడిగింది. ఆ వంద ఎకరాల్లో మళ్లీ అడవిని ఎట్లా తెస్తారో చెప్పమంది. ఈలోగా ప్రభుత్వం ఏఐతో తయారైన నకిలీ జింకల బొమ్మల మీద కేసులు పెట్టడంలో తలమునకలై ఉంది. నకిలీ బొమ్మలు ఉన్న మాట నిజమే, పంచుకోవడం తప్పే. కానీ నకిలీ జింకల మీద చూపించిన శ్రద్ధ కొట్టేసిన చెట్ల లెక్క మీద కనపడలేదు.

ప్రభుత్వం వాదన ఏమిటి? "రెవెన్యూ రికార్డుల్లో ఇది అడవి కాదు." ఆ మాట నిజమే కావచ్చు. కానీ 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరన్నదాంతో పని లేకుండా, నిఘంటువు ప్రకారం అడవి అనదగ్గదంతా అడవేనని చెప్పింది. కళ్లెదురుగా ఉన్నదాన్ని కాగితం చూపించి లేదనకూడదనే కదా దానర్థం.

సరిగ్గా ఇక్కడే నాకు వెలివాడ గుర్తుకొస్తుంది. 2015 చివర్లో ఐదుగురు దళిత పరిశోధకుల్ని ఇదే యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి గెంటేశారు. 2016 జనవరి చలిలో వాళ్లు క్యాంపస్‌లోని దుకాణాల సముదాయం షాప్‌కామ్ దగ్గర ఆరుబయట పడుకున్నారు, ఆ చోటికి వెలివాడ అని పేరు పెట్టారు. అదే నెల 17న వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల చనిపోయాడు. ఆ తర్వాత వ్యవస్థలన్నీ కలిసి తేల్చడానికి ప్రయత్నించింది ఏమిటి? అతని మీద వివక్ష జరిగిందా అని కాదు, అతను దళితుడా కాదా అని. విచారణ కమిషన్ కాదంది. 2024 మే నెలలో పోలీసులు కేసు మూసేస్తూ ఇచ్చిన నివేదికా అదే అంది. గోల రేగాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. వెలివాడలో పడుకున్నది అందరికీ కనిపించింది, సర్టిఫికెట్‌లో మాత్రం అనుమానాలు కనిపించాయి. చెట్టుకైనా మనిషికైనా ఒకటే పద్ధతి!

ఒక మాట కష్టంగా ఉన్నా చెప్పాలి. 2025లో నెమలి అరుపుల వీడియోకు ఊరు ఊరంతా కదిలింది. సినిమావాళ్లు మాట్లాడారు, ఐటీ ఉద్యోగులు పోస్టులు పెట్టారు. మంచిదే, ఆ ఒత్తిడి లేకుంటే మిగతా మూడొందల ఎకరాలూ పోయేవి. కానీ ఆరుబయట పడుకున్న ఐదుగురి కోసం, అందులో ఒకరు చనిపోయేదాకా, ఈ నగరం కదల్లేదు. నెమలికి కులం లేదు, రిజర్వేషన్ అడగదు, అందుకే దాని పక్కన నిలబడటం తేలిక. మెస్సులో వండేవాళ్లూ, హాస్టల్ మరుగుదొడ్లు కడిగేవాళ్లూ మన యూనివర్సిటీల్లో ఎక్కువమంది ఔట్‌సోర్సింగే. కాగితం మీద వాళ్లు ఏజెన్సీ మనుషులు, యూనివర్సిటీకి ఏమీ కారు. క్యాంపస్ పచ్చదనం గురించి మాట్లాడే కమిటీలో వాళ్లలో ఒక్కరినైనా కూర్చోబెట్టిన చోటు నా కంటపడలేదు.

ఇది ఒక్క క్యాంపస్ కథా కాదు. 2024 జనవరిలో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లో వంద ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయిస్తే విద్యార్థులు రోడ్డెక్కారు. ఏ పార్టీ ప్రభుత్వమైనా యూనివర్సిటీ భూమిని బ్యాంకులో దాచుకున్న సొమ్ములాగే చూస్తోంది.

మరి ఏం చేద్దాం అంటారా? రికార్డే వాళ్ల ఆయుధమైతే రికార్డు మనమూ రాద్దాం. కంచ గచ్చిబౌలిలో వాదన నిలబడింది ఎందుకంటే, జేసీబీలు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే పిల్లలు పక్షుల జాబితాలు రాసి ఉన్నారు. వివక్ష విషయంలో అట్లాంటి జాబితా మన దగ్గర లేదు. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. అవి అమలు కావడం లేదనే 2019లో ఇద్దరు తల్లులు, రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తడ్వీ తల్లి అబేదా తడ్వీ, సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి, ఆ నెలలోనే కోర్టు వాటిని నిలిపేసి పాతవే నడవాలంది.

కాబట్టి పాతవాటితోనే మొదలుపెట్టండి. మీ యూనివర్సిటీలో ఆ అధికారి ఎవరు, ఐదేళ్లలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటి మీద చర్య తీసుకున్నారు, ఔట్‌సోర్సింగ్ కార్మికులు ఎంతమంది, వాళ్లకు పీఎఫ్ కడుతున్నారా, ఎన్ని చెట్లు కొట్టారు, నీరు, నేల, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా. అన్నీ ఒకే సమాచార హక్కు దరఖాస్తులో అడగండి. సెంట్రల్ యూనివర్సిటీ అయితే రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాసేటప్పుడు చదువు రాని మెస్ కార్మికుల్ని కూడా కూర్చోబెట్టుకోండి, ఏం అడగాలో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.