నడిపించేది నిలిచిన కాలే

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలను ఖాళీగా వదిలి వెనక కిక్కిరిసి కూర్చున్న విద్యార్థులకు నమస్కారాలు. నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం తీసివేసినా నాకు మిగిలేది ఎక్కువే కనుక, మర్యాదలను ఇంతటితో ఆపి విషయంలోకి వస్తాను. ఆహ్వాన పత్రికలో నా అంశం ‘సాధారణ మానవ నడక: బయోమెకానిక్స్ పరిచయం’ అని ఉంది. శరీర కదలికలను బలాల లెక్కతో చూసే శాస్త్రమే బయోమెకానిక్స్, దాని పరిచయం తప్పక చేస్తాను. కాని నేను వచ్చింది ఒక ఫిర్యాదు చెప్పుకోవడానికి. నడక అనగానే మనమందరం గాలిలో ముందుకు సాగే కాలినే చూస్తాము. ఆ సమయంలో నేల మీద నిలిచి, ఒంటి బరువంతా మోస్తూ, ఆ బరువును ముందుకు దాటిస్తున్న రెండో కాలిని చూడము. పాఠాల్లోనూ ఇదే పక్షపాతం, చికిత్స గదుల్లో ఇచ్చే సూచనల్లోనూ ఇదే పక్షపాతం. దాని ఫలితం అనుభవించేది మాత్రం రోగులు.

ముందు కాలం లెక్క చూద్దాం. ఒక మడమ నేలను తాకిన క్షణం నుంచి అదే మడమ మళ్లీ నేలను తాకే వరకు జరిగేదాన్ని ఒక నడక చక్రం అంటాము. ఇందులో దాదాపు 60 శాతం సేపు ఆ పాదం నేల మీదే ఉంటుంది. గాలిలో ఉండేది 40 శాతం సేపే. రెండు కాళ్లకూ ఇదే లెక్క కనుక, ప్రతి చక్రంలో రెండుసార్లు, ఒక్కొక్కసారి 10 శాతం చొప్పున, రెండు పాదాలూ కలిసి నేల మీద ఉంటాయి. పరుగులో ఈ ఉమ్మడి దశ ఉండదు. దాని బదులు రెండు పాదాలూ గాలిలో ఉండే దశ వస్తుంది. ఒక చక్రమంటే రెండు అడుగులు కనుక, నిమిషానికి 110 అడుగులు వేసే మనిషి చక్రం సుమారు 1.1 సెకన్లలో పూర్తవుతుంది. అందులో కాలు గాలిలో ఉండేది అర సెకను కంటే తక్కువ. ఆ అర సెకనుకే మనం నడక అని పేరు పెట్టుకున్నాము.

ఈ పక్షపాతం ఈనాటిది కాదు. 1836లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు నడక యాంత్రికత మీద గొప్ప గ్రంథం వెలువరించారు. గాలిలోని కాలు లోలకంలా తనంతట తానే ఊగుతుందని, దానికి కండరాల శ్రమ అక్కరలేదని వారు భావించారు. ఆ శతాబ్దం చివరలో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు ఆ మాటను కొలిచి చూడాలనుకున్నారు. ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తున్నాను, క్షమించాలి, ఎందుకంటే వారి ఓపిక గురించి చెప్పకుండా నేను ఏ ఉపన్యాసమూ ముగించలేను. మనిషి అవయవాల వెంట సన్నని వాయుదీపాలను కట్టి, అవి చీకట్లో లయబద్ధంగా వెలుగుతుండగా అతన్ని నడిపించి, వేర్వేరు కోణాల నుంచి ఒకేసారి ఫొటోలు తీశారు. దీపాలు కట్టడానికే గంటల తరబడి పట్టేది. వేసింది కొన్ని అడుగులే. ఆ ఫొటోల్లోని వెలుగు చుక్కల స్థానాలను కొలిచి, కంప్యూటర్ లేని రోజుల్లో, ప్రతి అవయవం వేగాన్నీ దాని మీది బలాన్నీ చేత్తో లెక్కగట్టారు. 1895లో మొదలైన ఆ గ్రంథ భాగాల ప్రచురణ 1904 దాకా సాగింది. ఊగే కాలు కేవలం లోలకం కాదని, దాన్ని కండరాలు కూడా నడుపుతున్నాయని ఫిషర్ చూపించాడు. చర్చ ముందుకు సాగింది, నిజమే. కాని చూడండి, వాదించుకున్నది మళ్లీ గాలిలోని కాలి గురించే!

లోలకం పోలికను నేను తోసిపుచ్చడం లేదు. దాన్ని తలకిందులు చేయమంటున్నాను. నిలిచిన కాలు దాదాపు నిటారుగా ఉండే కడ్డీ. దాని అడుగు కొస నేల మీద ఆనుకుని ఉంటుంది, పై కొస మీద శరీర భారం ఉంటుంది. శరీరం ఆ కాలి మీదుగా ఒక చాపం గీస్తూ ముందుకు దాటుతుంది. పాదం సరిగ్గా శరీరం కిందకు వచ్చినప్పుడు మన గురుత్వ కేంద్రం అన్నిటికంటే ఎత్తున ఉంటుంది, వేగం తగ్గుతుంది. రెండు పాదాలూ నేల మీద ఉన్నప్పుడు అది అన్నిటికంటే కిందకు దిగుతుంది, వేగం పెరుగుతుంది. మామూలు వేగంలో ఈ ఎత్తుపల్లాల తేడా నాలుగైదు సెంటీమీటర్లు. పైకి ఎక్కేటప్పుడు గతిశక్తి స్థితిశక్తిగా నిలవ ఉంటుంది, దిగేటప్పుడు అది మళ్లీ గతిశక్తిగా తిరిగి వస్తుంది. అనుకూలమైన వేగంలో, అంటే సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య, ఈ మార్పిడి వల్ల అవసరమైన యాంత్రిక శక్తిలో 60 శాతానికి పైగా ఆదా అవుతుంది. మరీ మెల్లగా నడిచినా, మరీ వేగంగా నడిచినా ఈ ఆదా తగ్గుతుంది. అందుకే ఎవరూ చెప్పకుండానే మనిషి ఆ మధ్య వేగాన్ని ఎంచుకుంటాడు.

ఇదే సూత్రం నడక వేగానికి హద్దు కూడా గీస్తుంది. చాపం మీద కదిలే శరీరాన్ని నేలకు అంటిపెట్టుకుని ఉంచేది గురుత్వాకర్షణ ఒక్కటే. వేగం మరీ పెరిగితే పాదం నేలను వదిలేయవలసిందే. 90 సెంటీమీటర్ల కాలికి లెక్క వేస్తే ఆ హద్దు సెకనుకు సుమారు 3 మీటర్లు. నిజానికి మనం 2 మీటర్ల దగ్గరే పరుగులోకి మారిపోతాము. చంద్రుడి మీద ఆకర్షణ ఆరో వంతే కనుక అదే హద్దు సెకనుకు 1.2 మీటర్లకు పడిపోతుంది. వ్యోమగాములు అక్కడ నడవకుండా గెంతులు వేసింది సరదాకు మాత్రమే కాదు.

ఇప్పుడు నా రెండో ఫిర్యాదు, ఇది విద్యార్థులకు. 1953లో సాండర్స్, ఇన్‌మన్, ఎబర్‌హార్ట్ అనే ముగ్గురు నడకను నిర్ణయించే ఆరు అంశాలను ప్రతిపాదించారు. కటి, అంటే తుంటి ఎముకల గూడు, తిరగడం, అది వాలడం, నిలిచిన మోకాలు కొద్దిగా వంగడం వంటివన్నీ గురుత్వ కేంద్రం పైకీ కిందకీ కదలకుండా చదును చేయడానికేనని, అలా చదును చేయడం వల్ల శక్తి ఆదా అవుతుందని వారి వాదం. అందమైన వాదం. పరీక్షల్లో రాయడానికి మరీ అందమైనది. కాని 1990ల చివరి నుంచి వచ్చిన కొలతలు కటి వాలడం, మోకాలు వంగడం ఆ ఎత్తును తగ్గించడంలో చేసేది స్వల్పమని చూపించాయి. 2005లో ఒర్టెగా, ఫార్లీ అనే పరిశోధకులు మనుషులను కావాలని చదునుగా నడవమని అడిగి ఆక్సిజన్ వాడకం కొలిస్తే, ఖర్చు తగ్గకపోగా బాగా పెరిగింది. నిలిచిన కాలి మీదుగా పైకి ఎక్కి దిగడం మన నడకలోని లోపం కాదు, ఆ నడకకు ఆధారమే అది. అయినా ఆరు అంశాలను నేటికీ కంఠస్థం చేయిస్తూనే ఉన్నారు.

మరి నడకలో శక్తి ఖర్చయ్యేది ఎక్కడ? ఒక చాపం నుంచి మరో చాపానికి మారేచోట. కిందకు దిగుతున్న శరీరాన్ని ముందు కాలు అందుకుని మళ్లీ పై దిశకు మళ్లించాలి. ఆ తాకిడిలో కొంత శక్తి నశిస్తుంది. ఈ నష్టాన్ని పూరించే పెద్ద పని వెనక కాలి పిక్కది. ముందు మడమ నేలను తాకడానికి కొద్దిగా ముందు పిక్క కండరాలు తమను మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువు ద్వారా పాదాన్ని కిందకు నెడతాయి. నడకలో ఒక కీలు దగ్గర వెలువడే సామర్థ్యంలో అతి పెద్ద శిఖరం ఇదే. సమయం ఇక్కడ కీలకం. తాకిడికి ముందే పిక్క నెట్టినట్లయితే, అదే వేగం కోసం తుంటితో లాగే నడకతో పోలిస్తే, తాకిడి నష్టం సిద్ధాంతపరంగా నాలుగో వంతుకు తగ్గుతుందని ఆర్థర్ కువో అనే పరిశోధకుడు లెక్క తేల్చాడు. వయసు మీద పడినవారిలో పిక్క నెట్టు తగ్గి, తుంటి కండరాలు ఆ లోటును భర్తీ చేయడం తరచూ చూస్తాము. అలాంటివారికి అడుగు ఎత్తి వేయడం నేర్పడం కంటే, ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలరో చూడడం ఎక్కువ ఉపయోగం.

మడమ తాకిన తరువాతి క్షణం మీద కూడా ఒక్క మాట. పాదం చప్పున నేలకు కొట్టుకోకుండా, మోకాలి కింద కాలి ముందు వైపున్న కండరం సాగుతూనే బిగిసి, పాదాన్ని మెల్లగా దించుతుంది. ఆ కండరం బలహీనమైతే వరండాలో మనిషి కనిపించక ముందే పాదం చప్పుడు వినిపిస్తుంది.

ఇక గాలిలోని కాలు. అన్యాయం చేయకూడదు కనుక దానికీ నాలుగు మాటలు. ఊగేటప్పుడు మోకాలు దాదాపు 60 డిగ్రీలు వంగుతుంది, బొటనవేలు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే దాటిపోతుంది. అందుకే కాస్త ఎత్తుగా ఉన్న పలక కూడా మనల్ని పడేయగలదు. అయితే ఆ 60 డిగ్రీల వంపు ఎక్కడ తయారవుతుందో గమనించండి. పాదం నేలను వదలడానికి ముందే, అంటే అది ఇంకా నిలిచిన కాలుగా ఉన్నప్పుడే, మోకాలు 35 నుంచి 40 డిగ్రీల దాకా వంగి వేగంగా కదులుతుంటుంది. మిగతా వంపు చాలావరకు ఆ వేగం ఫలితమే. నేల వదిలే సమయంలో ఆ వేగం లేని రోగికి ‘కాలు ఎత్తండి, ఇంకా ఎత్తండి’ అని గదిమితే ఏం లాభం? అతడు తుంటిని పైకి లాగి, కాలిని పక్క నుంచి తిప్పి వేస్తాడు. అప్పుడు ఆ తిప్పడాన్ని కూడా తప్పుపడతాము.

దయచేసి అందరూ లేచి నిలబడండి. అధ్యక్షులు కూడా. కుడి అరచేతిని కుడి తుంటి పక్కన, నడుము ఎముకకు కాస్త కిందగా ఆనించండి. ఇప్పుడు ఎడమ పాదాన్ని నేల నుంచి రెండంగుళాలు ఎత్తండి. అరచేతి కింద కండరం రాయిలా బిగిసింది కదూ? ఎత్తింది ఎడమ పాదం, శ్రమపడింది కుడి తుంటి. కూర్చోండి. నా ఉపన్యాసంలో మీరు మరిచిపోయినా నాకు బాధ లేని భాగాలు చాలా ఉన్నాయి, ఇది మాత్రం వాటిలోది కాదు.

లెక్క సరళంగా చెబుతాను. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద ఉన్నప్పుడు ఆ తుంటి కీలు, నిలిచిన కాలిని మినహాయిస్తే, సుమారు 50 కిలోలను మోయాలి. ఆ భారం కీలుకు లోపలి వైపు దాదాపు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కటి పడిపోకుండా బయటి వైపు నుంచి లాగే కండరాలకు దొరికే దూరం దాదాపు 5 సెంటీమీటర్లే. కనుక అవి 100 కిలోల బలంతో లాగాలి. కీలు మీద పడేది రెండింటి మొత్తం, 150 కిలోలు, అంటే శరీర బరువుకు రెండున్నర రెట్లు. కృత్రిమ తుంటి కీలు లోపలే కొలత పరికరాలు అమర్చి బెర్గ్‌మన్ బృందం తీసిన లెక్కలు కూడా మామూలు నడకలో దీనికి దగ్గరగానే వచ్చాయి. ఈ కండరాలు బలహీనమైతే అవతలి పక్క కటి కిందకు వాలుతుంది. 1895లో జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ వర్ణించింది ఇదే. కటి వాలిన పక్క పాదం నేలకు రాసుకుంటుంది. చూసేవారు రాసుకునే పాదాన్నే తప్పుపడతారు. దోషం రెండో పక్కన, నిలిచిన కాలిలో ఉంటుంది.

కుడి తుంటి కీలు అరిగిన ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చినప్పుడు కర్ర కుడి చేతిలోనే పట్టుకుని ఉన్నారు. ప్రతి అడుగుకూ మొండెం కుడి పక్కకు ఒరిగేది. కర్ర కొసన ఉన్న రబ్బరు తొడుగు ఒక అంచున మాత్రమే అరిగిపోయి, లోపలి చెక్క బయటపడింది. ‘నొప్పి కుడి పక్కనే కదండీ, కర్ర కూడా అటే పట్టుకోమని అక్కడ చెప్పి పంపించారు’ అన్నారు. ఎవరు చెప్పి పంపారన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఆ మాట చెప్పేవారు చాలామంది ఉన్నారు. కర్రను ఎడమ చేతికి మార్చి, కుడి కాలితో పాటే ముందుకు వేయమన్నాను. వరండా చివరి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, అక్కడి నుంచే గట్టిగా ‘ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేమండీ?’ అని అడిగారు. ఆయన గొంతులో సంతోషం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

ఆ కోపానికి లెక్క ఉంది. ఎడమ చేతి కర్ర కుడి తుంటి కీలుకు సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాని మీద 5 కిలోల బలం మోపితే చాలు, ఆ పొడవైన మీట వల్ల కండరం లాగవలసింది 100 నుంచి 60 కిలోలకు తగ్గుతుంది, కీలు మీది భారం 150 నుంచి 105కు పడుతుంది. కర్ర మోసింది 5 కిలోలే, తుంటికి తగ్గింది 45. అదే కర్ర కుడి చేతిలో ఉంటే, నేల నుంచి వచ్చే ఆ తోపు కీలుకు బయటి వైపు పనిచేసి, కటిని ఎడమ పక్కకు మరింత వాలుస్తుంది. దాన్ని ఆపడానికి మనిషి మొండాన్ని కుడి పక్కకు ఒంచక తప్పదు. పెద్దాయన ఒరుగు నొప్పి వల్ల మాత్రమే వచ్చింది కాదు, కర్ర వల్ల కూడా వచ్చింది.

చేతుల ఊపు గురించి చెప్పడానికి సమయం మిగల్లేదు. ఎదుటి కాలితో పాటు చెయ్యి ఊగడం మొండెం మెలితిరగకుండా చూస్తుందని, చేతులు కట్టుకుని నడిస్తే శక్తి ఎక్కువ ఖర్చవుతుందని మాత్రం రాసుకోండి. ఎదుటి చేతి కర్ర ఈ సహజ లయకు కూడా సరిపోతుంది.

విద్యార్థులారా, మీరు నడక వీడియోలు పక్క నుంచే తీస్తున్నారు. పక్క నుంచి చూస్తే మోకాలు, చీలమండ బాగా కనిపిస్తాయి, కటి వాలడం మాత్రం కనిపించదు. రేపటి నుంచి వెనక నుంచి కూడా తీయండి. నడుము వెనక రెండు పక్కల ఎముక పొడుచుకు వచ్చినచోట చెరొక టేపు ముక్క అతికించి, కెమెరాను ఆ ఎత్తులోనే నిలపండి. మడమ తాకిన క్షణం దగ్గర కాక, అవతలి పాదం గాలిలో ఉన్న సగం దారిలో బొమ్మను ఆపి, ఆ రెండు టేపులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసిన తరువాతే రోగికి ఏ కాలి గురించి ఏం చెప్పాలో నిర్ణయించండి.