తెరిచి ఉంచిన అర్థం, బిగించిన స్వరం: ఈగల్స్ బృందంపై ఒక సంభాషణ

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ భాగంలో ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బృందం గురించి, ముఖ్యంగా వారి 'హోటల్ కాలిఫోర్నియా' పాట గురించి మాట్లాడుకుంటాం. 1976 డిసెంబరులో అదే పేరు గల ఆల్బమ్‌లో వచ్చి, 1977 మే నెలలో అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఈ పాటకు అర్థమేమిటన్న తగవు అభిమానుల మధ్య నేటికీ తెగలేదు. గిటార్ నేర్పే మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ముందే చెబుతున్నాను, నేను సాహిత్యం పక్షం.

మాస్టారు: మంచిదమ్మా. నేను తీగల పక్షం. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో చాలామందికి ఈ పాటలో రెండో చరణం ఏమిటో తెలియదు గానీ, చివర గిటార్లే పలికే సోలో మాత్రం మొత్తం నోటితో పాడి వినిపిస్తారు.

వ్యాఖ్యాత: ఆ మాట దగ్గరికే వద్దాం. రాత్రివేళ ఎడారి దారిలో వెళ్తూ అలసిన ప్రయాణికుడు ఒక హోటల్‌లో దిగుతాడు. లోపల విందు, నాట్యం, విలాసం అన్నీ ఉంటాయి. తీరా బయటపడాలని పరుగెత్తితే ఇక్కడి నుంచి ఎవరూ వెళ్లలేరని కాపలాదారు చెబుతాడు. కథ ఇంతే. దీన్ని కొందరు హెరాయిన్ వ్యసనమన్నారు, కొందరు కామరిల్లో అనే ఊరిలోని మానసిక వైద్యశాల అన్నారు, ఇంకొందరు ఏకంగా సాతాను ఆరాధన అన్నారు. ఆల్బమ్ లోపలి ఫొటోలో బాల్కనీలో మసకగా కనిపించే మనిషి 'చర్చ్ ఆఫ్ సాతాన్' స్థాపకుడు ఆంటన్ లావే అని వాదించినవారూ ఉన్నారు.

మాస్టారు: ఆ ఫొటో హాలీవుడ్‌లోని లీడో హోటల్ లాబీలో తీసినది, బయటి అట్టపై ఉన్నది బెవర్లీ హిల్స్ హోటల్. సాతాను పక్షం వారికి బాగా నచ్చిన ఆధారం విందులో 'స్టీలీ' కత్తులతో మృగాన్ని పొడిచే వాక్యం. నిజానికి అది స్టీలీ డాన్ అనే బృందానికి విసిరిన సరదా చురక. అంతకు కొన్ని నెలల ముందే వారు తమ పాటలో ఈగల్స్ పేరు ప్రస్తావించి ఆట పట్టించారు. రెండు బృందాల వ్యవహారాలూ చూసేది ఒకే మేనేజర్, అర్వింగ్ ఏజాఫ్. ఇక ఇందులో క్షుద్రపూజ ఎక్కడుందో నాకైతే అర్థం కాదు.

వ్యాఖ్యాత: సాహిత్యంలో పెద్దపాలు రాసి, ఈ పాట పాడిన డాన్ హెన్లీ తన వివరణ ఇచ్చారు. అమెరికన్ కలలోని చీకటి కోణం, అతి భోగం, అమాయకత్వం నుంచి అనుభవానికి సాగే ప్రయాణం, ఇవీ ఆయన అనేక ముఖాముఖీలలో చెప్పిన మాటలు. విచిత్రమేమిటంటే, కవి స్వయంగా చెప్పినా అభిమానులు ఊరుకోలేదు, ఊరుకోవలసిన అవసరమూ లేదని నా అభిప్రాయం. మన తత్వాలలో దేహాన్ని తొమ్మిది తూట్ల తిత్తి అన్నప్పుడు, ఆ గుట్టు విప్పే తాళంచెవిని సంప్రదాయమే శ్రోత చేతికి ఇస్తుంది. ఈ పాటలో తాళం వేశారు గానీ చెవి ఎవరికీ ఇవ్వలేదు. ఆల్బమ్ వచ్చి దాదాపు యాభై ఏళ్లయినా బృందం పేరు నలుగురి నోళ్లలో నానుతున్నదంటే, ఆ రహస్యమే కారణమని నేనంటాను.

మాస్టారు: అక్కడే మీ వాదన నిలవదమ్మా. ఈగల్స్ రికార్డులలో అత్యధికంగా అమ్ముడైనది 1971–1975 పాటల సంకలనం. 2018లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం దానికి 38 ప్లాటినమ్‌ల గుర్తింపు ఇచ్చింది, అంటే 3 కోట్ల 80 లక్షల యూనిట్లు. అప్పుడు 'హోటల్ కాలిఫోర్నియా' ఆల్బమ్‌కు దక్కినది 26. ఆ సంకలనం 1976 ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి అందులో మీరంటున్న రహస్యగీతం అసలు లేనేలేదు. ఉన్నవి 'టేక్ ఇట్ ఈజీ' వంటి పాటలు. వాటిలో విప్పవలసిన చిక్కుముడి ఒక్కటీ లేదు. 'టేక్ ఇట్ ఈజీ'లో పేరు వచ్చినందుకు అరిజోనాలోని విన్స్‌లో అనే చిన్న ఊరి వీధి మూలన పార్కు కట్టారు, విగ్రహాలు పెట్టారు. జనం వెళ్లి ఆ మూలన నిలబడి ఫొటోలు దిగుతారు. అర్థం తెలియక వెళ్తున్నారా?

వ్యాఖ్యాత: ఆ దెబ్బ తగిలింది మాస్టారూ. అయితే మీరు చెప్పే కారణమేమిటి?

మాస్టారు: స్వరం బిగింపు. మాలిబూలో అద్దెకు తీసుకున్న ఇంట్లో బృందంలోని గిటారిస్టు డాన్ ఫెల్డర్ పన్నెండు తీగల గిటార్‌పై ఈ వరుస కట్టి, డెమో టేపు, అంటే నమూనా రికార్డు చేసుకున్నాడు. బృందంలో దానికి పెట్టిన ముద్దుపేరు 'మెక్సికన్ రెగే'. మొదట 'E మైనర్' శ్రుతిలో రికార్డు చేయబోతే హెన్లీ గొంతుకు అనుకూలించలేదు, చివరకు 'B మైనర్'లో స్థిరపడ్డారు. మయామీలోని క్రైటీరియా స్టూడియోలో సోలో దగ్గరికి వచ్చేసరికి ఫెల్డర్ అప్పటికప్పుడు కొత్తగా వాయించబోయాడు. హెన్లీ ఆపి, డెమోలో ఉన్నది ఉన్నట్టే కావాలని పట్టుబట్టాడు. టేపు వేల మైళ్ల దూరంలో ఇంట్లో ఉంది. ఫెల్డర్ ఫోన్ చేసి, ఇంట్లో పనిచేసే ఆమె చేత టేపు వేయించి, రిసీవర్‌ను స్పీకర్ దగ్గర పెట్టించి, అది విని మళ్లీ నేర్చుకున్నాడు. ఇంత పట్టుదల ఉన్న చోట ఒక్క స్వరం కూడా గాలికి వదలరు. అన్నట్టు, అప్పుడే పక్క గదిలో బ్లాక్ సబ్బాత్ అనే హెవీ మెటల్ బృందం రికార్డు చేసుకుంటోంది. వారి మోత గోడ దాటి వస్తుంటే మనవాళ్లు పని ఆపి కూర్చోవలసి వచ్చేదట.

వ్యాఖ్యాత: చివరి సోలోను ఫెల్డర్ ఒక్కరే వాయించలేదు కదా?

మాస్టారు: లేదు, బృందంలోని మరో గిటారిస్టు జో వాల్ష్ కూడా ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వాయించి, చివర ఇద్దరూ కలిసి జంటగా దిగుతారు. కింద నడిచే కార్డులు, అంటే కలిపి మీటే స్వరాల గుంపులు, చరణానికి వాడిన ఎనిమిదే కాబట్టి, సోలో మొదలయ్యేసరికి వినేవాడి చెవికి దారి కొట్టినపిండి. అందుకే ఇంగ్లీషు ముక్క రానివాడు కూడా దాన్ని పాటలాగే పాడుకోగలుగుతున్నాడు. రేడియోలు మూడు నిమిషాల పాటలు అడిగే రోజుల్లో ఆరున్నర నిమిషాల ఈ పాటను కత్తిరించడానికి హెన్లీ ఒప్పుకోకపోవడం మన అదృష్టం.

వ్యాఖ్యాత: ఒక శ్రోత కాస్త కటువుగానే అడిగారు. 1980లో విడిపోయారు, 1994లో కలిశారు, టికెట్టు ధర వంద డాలర్లు దాటించారు, 2001లో ఫెల్డర్‌ను తొలగిస్తే వ్యవహారం కోర్టుకెక్కింది, 2016లో బృంద స్థాపకుల్లో ఒకరైన గ్లెన్ ఫ్రే మరణించాక ఆయన కుమారుడు డీకన్‌నూ, గాయకుడు విన్స్ గిల్‌నూ చేర్చుకుని మళ్లీ వేదికలెక్కారు. 1971 నాటి నలుగురిలో ఇప్పుడు మిగిలింది హెన్లీ ఒక్కరే. దీన్ని ఇంకా ఈగల్స్ అనవచ్చా, లేక జ్ఞాపకాల వ్యాపారం అనాలా?

మాస్టారు: వ్యాపారమే, అందులో దాచేదేముంది? టికెట్టు ధరల విషయంలో ఆ శ్రోత వైపే నేనూ ఉన్నాను. ఫెల్డర్‌ను పంపిన తీరు కూడా నాకు నచ్చలేదు. అయితే ఆయన భాగాలను 2001 నుంచి ఎన్నో ఏళ్లు స్టూవర్ట్ స్మిత్ వాయించాడు, ఉన్నది ఉన్నట్టు వాయించాడు, జనం అడ్డు చెప్పలేదు. స్వరాలు ముందే స్థిరపడినందువల్ల మనిషి మారినా పాట నిలిచింది. ఎప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే బృందానికి ఈ వెసులుబాటు ఉండదు.

వ్యాఖ్యాత: అలాగైతే, మాట తెరిచి ఉంచి స్వరం బిగించారు కాబట్టి ఈ పాట మనిద్దరికీ దక్కిందని రాజీకి రావచ్చా?

మాస్టారు: ఈ ఒక్క పాట వరకైతే సరేనమ్మా. విన్స్‌లో ఊరి మూలన నిలబడిన వాళ్ల సంగతి మాత్రం మీరు ఇంకా తేల్చలేదు.