హవాయి థ్రిఫ్ట్ స్టోర్లలో మంచి అలోహా షర్టు ఎలా పట్టుకోవాలి?

నమస్తే. హవాయి వెళ్లే చాలామంది లిస్టులో ఒక పూల చొక్కా ఉంటుంది. అదే అలోహా షర్టు. దాన్ని వైకికీ బీచ్ పక్కన టూరిస్టు కొట్లలో కొనకండి. ఊళ్లోవాళ్లు వెళ్లే థ్రిఫ్ట్ స్టోర్‌లో, అంటే వాడిన బట్టలు అమ్మే షాపులో వెతకండి. ఎందుకో, ఎలాగో, ఏది చూసి వదిలేయాలో ఈ వీడియోలో చెప్పుకుందాం.

ముందు ఎందుకో చూద్దాం. హవాయిలో ఇది టూరిస్టులు మాత్రమే వేసుకునే వేషం కాదు. 1935లోనే హవాయి రాజధాని హోనలులు పేపర్లో అలోహా షర్టు పేరుతో ప్రకటన వచ్చింది. 1966లో 'అలోహా ఫ్రైడే' మొదలయ్యాక శుక్రవారాలు ఆఫీసుకి ఈ షర్టుతో వెళ్లడం అలవాటైంది. ఇప్పుడైతే ఆఫీసుకైనా, పెళ్లికైనా, ఏ రోజైనా ఇదే. అంటే మంచి కంపెనీ షర్టు కొని, ఇస్త్రీ చేసి జాగ్రత్తగా వాడుకుని, బీరువా నిండిపోయాక ఇచ్చేసేవాళ్లు ఆ దీవుల్లో ఎంతోమంది ఉన్నారు. హోనలులు ఉన్న ఓహు దీవిలో ఆ బట్టలు చేరేది గుడ్‌విల్, సేవర్స్, సాల్వేషన్ ఆర్మీ లాంటి చోట్లకే.

ట్రిప్ మొదటి రెండు రోజుల్లోనే వెళ్లండి. చివరి రోజుకి పెట్టుకుంటే ఉతికి ఆరేసుకునే టైము ఉండదు, సూట్‌కేసులో చోటూ ఉండదు. షాపు ఏ రోజు మూసేస్తారో, వెనక్కి తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. బస్సులో వెళ్తుంటే మాత్రం చిన్న సంచీయే తీసుకెళ్లండి. హోనలులు సిటీ బస్సుల్లో సంచీ ఒళ్లోనో, సీటు కిందో పట్టాలి, లేకపోతే ఎక్కనివ్వరు.

షాపులోకి అడుగుపెట్టగానే కళ్లన్నీ రంగుల మీదకే పోతాయి. రంగు సంగతి తర్వాత. ముందు ఎడమవైపు జేబు చూడండి. మంచి షర్టులో ఆ జేబు కనబడదు! జేబు గుడ్డ మీద పువ్వు, కింద ఛాతీ గుడ్డ మీద పువ్వు ఒకదానికొకటి సరిగ్గా అతికి, రెక్క ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. వేలితో తడిమితే తప్ప అక్కడో జేబుందని తెలీదు. అలా కలపాలంటే ఆ డిజైనులో సరిగ్గా అదే చోటు వెతికి ముక్క కోయాలి, బోలెడు గుడ్డ వృథా అవుతుంది, టైమూ పడుతుంది. చౌకగా కుట్టేవాళ్లు ఆ ఖర్చు పెట్టరు. తర్వాత గుండీలన్నీ పెట్టి ముందు భాగం చూడండి. కుడి ఎడమల డిజైను మధ్యలో కూడా కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, ఆ కుట్టిన చెయ్యి మంచిది. ఈ ఒక్క పరీక్షతోనే ర్యాకులో సగానికి పైగా పక్కన పెట్టేయొచ్చు.

గుండీలు కొబ్బరి చిప్పవైతే ముదురు గోధుమ రంగులో ఉంటాయి, ఒక్కో గుండీలో గీతలు ఒక్కోలా ఉంటాయి. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అవి ప్లాస్టిక్‌వి. అయితే కొత్త షర్టులకీ కొబ్బరి గుండీలు పెడతారు కాబట్టి, వాటిని చూసి షర్టు పాతదని నిర్ణయించకండి.

ఇక కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఒకటుంది. ర్యాకులో వెలిసిపోయినట్టున్న షర్టు కనబడుతుంది, 'పాతబడిపోయింది' అని పక్కకి నెట్టేస్తారు. ఆగండి, అంచు తిప్పి లోపలివైపు చూడండి. లోపల రంగు ముదురుగా, బయట లేతగా ఉంటే అది వెలిసిపోవడం కాదు, కావాలనే గుడ్డని తిరగేసి కుట్టారు. రివర్స్ ప్రింట్ అంటారు. ఆఫీసు షర్టుల్లో ఇది ఎక్కువ, రెయిన్ స్పూనర్ కంపెనీకి పేరు తెచ్చిందే ఇది. మెరిసే పెద్ద మందార పూల కంటే ఇవే వేసుకోవడానికి బాగుంటాయని మా గట్టి అభిప్రాయం.

లేబుల్ మీద రెయిన్ స్పూనర్‌తో పాటు కహలా, టోరి రిచర్డ్ పేర్లు కనబడితే చేతిలోకి తీసుకోండి. హిలో ఊరి సిగ్ జేన్ షర్టు దొరికితే అసలు వదలకండి, హవాయి మొక్కల్నే డిజైనులుగా మలిచిన షర్టులవి. 1948లో హోనలులులో మొదలైన ఆల్‌ఫ్రెడ్ షాహీన్ కంపెనీవి, ముఖ్యంగా ఆడవాళ్ల పాత డ్రెస్సులు, దొరకడం అరుదు.

వయసు కనిపెట్టడానికి మెడ దగ్గరి లేబుల్‌తో పాటు పక్క కుట్టులో ఉన్న చిన్న ట్యాగ్ కూడా చదవండి. అమెరికాలో 1960 నుంచి గుడ్డలో ఏ రకం పోగు ఎంత శాతమో రాయాలని చట్టం ఉంది. ఎలా ఉతకాలో చెప్పే ట్యాగ్ 1972 నుంచి తప్పనిసరైంది. కాబట్టి ఉతికే సూచనలున్న షర్టుని 1950ల నాటిదని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే వెంటనే నమ్మకండి, అది చాలావరకు తర్వాతి కాలంలో కుట్టిందే అయ్యుంటుంది. ట్యాగ్ అసలు లేకపోతే అది పాతదైనా అయ్యుండాలి, ఎవరో కత్తిరించైనా ఉండాలి. కుట్టులో దారపు ముక్కలు మిగిలాయేమో చూస్తే తెలిసిపోతుంది. ఆర్‌ఎన్ అనే అక్షరాల పక్కన నంబరుంటే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, అది ఏ కంపెనీదో వస్తుంది.

నచ్చాక లోపాలు వెతకండి. ఉప్పుగాలి, తేమ ఉన్న చోట బట్ట ఎలా పాడవుతుందో తెలిస్తే వెతకడం తేలిక. షర్టుని లైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. కాలర్ మడత, భుజాల దగ్గర గుడ్డ పలచబడి వెలుతురు ఎక్కువగా వస్తే కొనొద్దు. కాలర్ ఎత్తి అడుగున రంగు చూడండి, పైవైపు రంగు అడుగు రంగుకంటే బాగా లేతగా ఉంటే ఎండకి వెలిసింది. చంకల్లో పసుపు మరక చెమటా డియోడరెంటూ కలిసి పట్టింది, చాలావరకు పోదు. నల్లటి చిన్న చుక్కలుంటే అది బూజు. వాసన ఉతికితే తగ్గుతుంది కానీ చుక్కలు మిగిలిపోతాయి. రేయాన్ గుడ్డయితే చంక కుట్టుని రెండువైపులా మెల్లగా లాగి చూడండి. కుట్టు పక్కన నూలు జరిగి సందులు కనబడితే, వేసుకున్న కొద్ది రోజులకే చిరుగుతుంది.

సైజు అక్షరాన్ని నమ్మొద్దు, పాత మీడియం ఇప్పటి స్మాల్ అంత ఉండొచ్చు. టేపు వెంట తీసుకెళ్లండి. షర్టుని బల్ల మీద పరిచి ఒక చంక కుట్టు నుంచి రెండో దానికి కొలవండి. మీ ఛాతీ 40 అంగుళాలైతే ఆ కొలత 22 దాకా రావాలి, వదులుగా గాలాడేలా ఉంటుంది. పొడవు కూడా చూసుకోండి. ఈ షర్టు అంచు తిన్నగా కోసుంటుంది, ప్యాంటులోకి దోపరు. నడుం కంటే కాస్త కిందకి దిగితే చాలు.

షర్టులు కాకుండా అక్కడ చెప్పులు, బ్యాగులు కూడా కుప్పలుగా ఉంటాయి. కొత్తగా కనిపించినా జాగ్రత్త. షూ అడుగుల్లో, బ్యాగుల పూతల్లో వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ తేమకి లోపల్లోపలే విరిగిపోతుంది. షూ అడుగుని బొటనవేలితో నొక్కండి, జిగటగా తగిలినా, పొడిగా రాలినా నాలుగడుగులేస్తే ఊడిపోతుంది. స్నార్కెల్ మాస్కు, అంటే నీళ్లలో ఈదుతూ కిందకి చూడటానికి ముఖానికి పెట్టుకునేది, కొనాలనుకుంటే పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి వదిలినా అతుక్కునుంటే ఇంకా పనికొస్తుంది. జారిపోతే రబ్బరు గట్టిపడిందనో, అది మీ ముఖానికి కుదరదనో అర్థం.

రూముకి వచ్చాక సంచీని మంచం మీద పెట్టకండి. నల్లుల భయం ఉంటుంది కాబట్టి మూతిగట్టి బాత్రూంలో ఉంచి, కుట్లు, కాలర్ మడత, జేబు మూల చూసుకోండి. అనుమానముంటే మూతి విప్పకుండా ఇంటికి తెచ్చి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెట్టండి. ఉతికే ముందు తెల్ల గుడ్డని తడిపి లోపలి కుట్టు మీద రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. రేయాన్ తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది, అందుకే దాన్ని పిండకూడదు. చల్లటి నీళ్లు, తక్కువ సబ్బు, చేత్తో ఒత్తడం, అంతే. తర్వాత పొడి టవల్లో చుట్టి నొక్కి నీళ్లు తీసేసి, వెడల్పాటి హ్యాంగర్‌కి నీడలో ఆరేయండి. డ్రయ్యర్లో మాత్రం వేయకండి, కుంచించుకుపోయిన రేయాన్ మళ్లీ పాత కొలతకి రావడం కష్టం.