ప్యాకెట్ మీది అంకె వేరు, వేలి కింది బిగువు వేరు

అందరికీ నమస్కారం. నల్లగొండలో బేస్ గిటారు తీగల గురించి మాట్లాడమంటే నలుగురొస్తే గొప్ప అనుకున్నా. ఇక్కడ చూస్తే వెనక నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. చర్చిల్లో వాయించేవాళ్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్లు, పొద్దున్నే మహబూబ్‌నగర్ బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లు. పాలమూరు వాళ్లకు తీగల గురించి కొత్తగా చెప్పేదేముంది? పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకున్న దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతను మనం ఫ్రెట్ అంటాం, కిన్నెర మీద దాన్నే మెట్టు అంటారు. నేను బేస్ మీద కూడా మెట్టే అంటా, ఏమనుకోకండి.

నేను ఫ్లాట్‌వౌండ్ రకం తీగల వైపు వెళ్లింది సంగీత జ్ఞానం పెరిగి కాదు, చెమట వల్ల. మిర్యాలగూడ దగ్గర మే నెల పెళ్లి. పందిరి కింద గాలి లేదు, పైన 43 డిగ్రీలు. రెండు రోజుల కింద వేసిన కొత్త రౌండ్‌వౌండ్ తీగలు భోజనాల వేళకే మూగబోయాయి. రౌండ్‌వౌండ్‌లో లోపలి ఉక్కు తీగ చుట్టూ గుండ్రటి తీగ చుడతారు. చుట్టుకూ చుట్టుకూ మధ్య గాడి ఉంటుంది, చెమటా మట్టీ అందులో చేరతాయి. ఫ్లాట్‌వౌండ్‌కు పైన చుట్టేది చదునైన పట్టీ. గోరుతో గీసి చూడండి. రౌండ్ ఆకురాయిలా కరకరమంటుంది, ఫ్లాట్ మీద గోరు జారిపోతుంది. మెరుపు శబ్దం మొదటి రోజు నుంచే తక్కువ, కాబట్టి తర్వాత పోయేదీ తక్కువే. నా సెట్టు ఐదో ఏడు నడుస్తోంది.

సరే, ఫ్లాట్ వేసుకున్నా. చిటికెన వేలు వాచింది.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే. రౌండ్‌లో 45 నుంచి 105 సెట్టు వాడేవాణ్ని కదా అని ఫ్లాట్‌లోనూ అదే అంకె చూసి కొన్నా. సన్నటి తీగ 45, లావు తీగ 105 అన్నమాట, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. అది తీగ లావు చెబుతుంది, బిగువు చెప్పదు. బస్తాలో బత్తాయిలు పోస్తే మధ్యలో సందులుంటాయి, ఇటుకలు పేరిస్తే ఉండవు. రౌండ్ చుట్టు బత్తాయిల బస్తా, ఫ్లాట్ చుట్టు ఇటుకల వరుస. లావు ఒకటే అయినా ఫ్లాట్‌లో లోహం ఎక్కువ పడుతుంది. బరువు పెరిగిన తీగ అదే శ్రుతి పలకాలంటే ఇంకా బిగించాలి. అందుకే రౌండ్ నుంచి వచ్చేవాళ్లు లైట్ గేజ్, అంటే సన్నటి తీగల సెట్టు నుంచి మొదలుపెట్టాలంటాను.

అమెరికాలో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 52 నుంచి 110 ఫ్లాట్లు వాడాడు కదన్నా, అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, లా బెల్లా అనే తీగల కంపెనీ వాళ్ల సెట్టు. తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. కానీ ఆయన చెయ్యి నిలబెట్టి వాయించే పెద్ద బేస్ మీద తయారైన చెయ్యి. మనలో చాలామంది ఆరు తీగల గిటారు నుంచో కీబోర్డు నుంచో వచ్చాం. ఆయన వాయించిన పాటలు వినండి, ఆయన తీగలు మాత్రం మనకొద్దు.

ఎంత లైట్ కావాలో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. తీగ పొడవు మారదు, మన బేస్‌లు ఎక్కువగా 34 అంగుళాలు. బిగువు శ్రుతి వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది, ఒకే రకం తీగల్లో లావు వర్గాన్ని బట్టి కూడా. అంటే శ్రుతి దించినా, లావు తగ్గించినా వేలికి తెలిసేది ఇంచుమించు ఒకటే. ఇప్పుడున్న 45-105 సెట్టును అన్ని తీగలూ అర స్వరం దించండి. బిగువు 11 శాతం తగ్గుతుంది. అది దాదాపు 42-99 సెట్టు వేసుకున్నట్టు. ఇంకో అర స్వరం దించితే 40-94 దగ్గరికి వస్తుంది. ఒక్కో శ్రుతిలో రెండు రోజులు ఇంట్లో సాధన చేయండి. ఏ వేలు ముందు అలసిపోతుందో చూసుకోండి, ఆ వేలిని బట్టి కొనండి. అయితే ఇది ఒకే తయారీ తీగలకు పనికొచ్చే లెక్క. రౌండ్ మీద కొలిచి ఫ్లాట్ కొనేవాళ్లు ఇంకాస్త సన్నటి సెట్టుకు దిగాలి.

తయారీ మారితే అంకె బొత్తిగా పనికిరాదు. రెండు కంపెనీల ఫ్లాట్లు చూడండి: డడారియో క్రోమ్స్‌లో 45-100 ఉంది, థామస్టిక్ జాజ్ ఫ్లాట్స్ 43-100. కాగితం మీద అన్నదమ్ములు. చేతికి తీసుకుంటే క్రోమ్స్ గట్టిగా నిలబడతాయి, థామస్టిక్ మెత్తగా ఊగుతాయి. క్రోమ్స్‌లోనే 40-95 లైట్ సెట్టు కూడా వస్తుంది. లా బెల్లా వాళ్లు లో టెన్షన్ అని ప్యాకెట్ మీదే రాసి అమ్మే ఫ్లాట్లున్నాయి. కొనేముందు తీగ తీగకూ బిగువు పౌండ్లలోనో కిలోల్లోనో ఇచ్చారేమో వెతకండి, ఇస్తే ముందు అది చదవండి. ఇవి మామూలు సెట్టు కన్నా చాలా ఖరీదు. మన ఊళ్లో దొరకవు, హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. తప్పు సెట్టు కొంటే ఏడిపిస్తుంది.

నన్ను ఏడిపించింది. మొదటి మెత్తటి సెట్టు రాగానే ఆత్రంగా ఎ (A) తీగ కొస కత్తిరించి శ్రుతి చేసే కీకి చుట్టబోయా. లోపలి తీగ గుండ్రంగా ఉండే రకం అది. కత్తిరించగానే పైచుట్టు పట్టు తప్పి జారింది, తీగ చచ్చిపోయింది. ముందు కొసను లంబంగా గట్టిగా వంచాలి, వంపు దాటాకే కత్తెర పెట్టాలి. లోపలి తీగ ఆరు పలకలదైతే ఈ భయం తక్కువ. అయినా నేను అన్నిటికీ వంచే కోస్తా.

బిగువు తగ్గితే నెక్ వెనక్కి వాలుతుంది, తీగ మెట్లను తాకి గరగరమంటుంది. తీగలు బాగాలేవని షాపువాణ్ని తిట్టకండి. మొదటి మెట్టూ చివరి మెట్టూ నొక్కిపట్టి ఏడెనిమిది మెట్ల దగ్గర సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరాలి, పెళ్లి పత్రిక కాదు. అస్సలు సందు లేకపోతే నెక్ లోపల ఉండే కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు వదులు చేసి, మళ్లీ శ్రుతి చేసి, ఆ రోజుకు వదిలేయండి. వానాకాలం రాగానే ఇంకోసారి చూడాల్సి వస్తుంది, చెక్క కదా.

లైట్ తీగలను బాదితే ఊరుకోవు. గట్టిగా కొట్టినప్పుడు స్వరం ఒక్క క్షణం పైకెగిరి దిగుతుంది. డ్రమ్స్ హోరులో వినపడట్లేదని చెయ్యి బరువు పెంచే బదులు ఆంప్ పెంచుకోండి. పెళ్లి మండపాల్లో నాకు ఇది అలవాటవడానికి ఏడాది పట్టింది.

ఇదిగో, టేబుల్ మీద రెండు బేస్‌లు పెట్టా. ఒకదానికి నా పాత 45-105 ఫ్లాట్లు, ఇంకోదానికి మెత్తవి. ఏది ఏదో చెప్పను. కళ్లు మూసుకుని అన్నిటికన్నా లావైన ఇ (E) తీగ మీద మొదటి మెట్టు నొక్కండి, అన్నిటికన్నా బిగువు తెలిసేది అక్కడే. పాలమూరు తమ్ముళ్లూ, మీకు బస్సుంది కదా, ముందు మీరు రండి.