ఇల్లు ఎవరికి దక్కుతుంది? బ్రిటన్‌లో సమానత్వ చట్టాలు, శరణార్థులు, కౌన్సిల్ ఇళ్లు

శ్రోతలకు నమస్కారం.

1972 సెప్టెంబరులో ఉగాండా రాజధాని కంపాలా నుంచి వెలువడే ‘ఉగాండా ఆర్గస్’ పత్రికలో ఒక ప్రకటన అచ్చయింది. దేశం విడిచిపొమ్మన్న ఆజ్ఞతో బ్రిటన్‌కు బయలుదేరబోతున్న ఉగాండా ఆసియావాళ్లను ఉద్దేశించి దానిని వేయించినది ఇంగ్లండులోని లెస్టర్ నగర పాలక మండలి. మా ఊరికి రండి, స్థలాలు కొనండి అని డబ్బు పెట్టి ప్రకటనలు వేయించుకోవడం మనకు తెలిసినదే గానీ, మా ఊరికి మాత్రం రావద్దని మరో ఖండంలోని పత్రికకు డబ్బు కట్టి చెప్పిన నగరాలు ఎక్కువగా ఉండవు. మండలి తక్కువ అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్ల కోసం వేల కుటుంబాలు ఇప్పటికే పేర్లు రాయించుకుని కాచుకుని ఉన్నాయని, బడులు నిండిపోయాయని, కాబట్టి మీ మేలు కోరే చెబుతున్నామని ఆ ప్రకటన సారాంశం. అందులో రంగు ఊసు లేదు, జాతి ఊసు లేదు. ఇళ్లు, బడులు, జాబితాలు మాత్రమే ఉన్నాయి. బ్రిటన్‌లో జాతి సమానత్వం కోసం, శరణార్థుల కోసం, సామాన్యుడికి అందుబాటులో ఉండే ఇళ్ల కోసం ప్రభుత్వాలు వేరు వేరు చట్టాలు చేసుకుంటూ వచ్చినా, ఆ మూడూ చివరకు ఒకే గడప దగ్గర ఎలా ఢీకొంటాయో ఈ ప్రకటన ఒక్కటే చెబుతుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ గడప సంగతే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1948 జూన్ 22న ‘ఎంపైర్ విండ్‌రష్’ అనే ఓడ జమైకా నుంచి, చుట్టుపక్కల దీవుల నుంచి వందలాది మందిని తెచ్చి లండన్ సమీపంలోని టిల్బరీ రేవులో దించింది. వారు పరాయివారు కారు. ఆనాటి లెక్క ప్రకారం బ్రిటిష్ ప్రజలే. పని దొరికే ఆశ ఉంది, పాస్‌పోర్టు ఉంది, తల దాచుకోవడానికి చోటు మాత్రం లేదు. అలా చోటు లేని రెండు వందల పైచిలుకు మందికి ప్రభుత్వం చూపించిన బస క్లాపం సౌత్ స్టేషన్ కింద, యుద్ధ కాలంలో బాంబు దాడుల నుంచి కాపాడుకోవడానికి భూగర్భంలో తవ్విన సొరంగం. ఎండ సోకని ఆ గొట్టంలో, అంతస్తుల మంచాల మీద పడుకుని, పొద్దున్నే మెట్లెక్కి పైకి వచ్చి దగ్గరలోని బ్రిక్స్‌టన్ ఉపాధి కార్యాలయానికి వెళ్లేవారు. ఆ తర్వాత చాలామంది బ్రిక్స్‌టన్‌లోనే గదులు వెతుక్కున్నారు. బ్రిక్స్‌టన్ నల్లవారి పేట కావడానికి వెనుక ఏ ప్రణాళికా లేదు. ఆ సొరంగం అక్కడికి దగ్గరగా ఉండడమే ముఖ్య కారణం.

గదులు వెతకడం అంటే వీధి వీధీ తిరిగి కిటికీలలోని బోర్డులు చదవడం. ‘గది అద్దెకు ఇవ్వబడును’ అన్న మాట కిందనే ‘రంగువారు వద్దు’ అని రాసి ఉండేది. మన ఊళ్లలో బోర్డు మీద ఏమీ రాయరు గానీ, గేటు దగ్గరే ‘మీరేమిట్లు?’ అని అడిగి, జవాబు విన్నాక ‘మా బంధువులు వస్తున్నారండీ, ఇల్లు ఖాళీ లేదు’ అనే మర్యాద ఎరిగినవారికి ఆ బోర్డుల రుచి వేరే చెప్పనక్కరలేదు. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. అప్పుడు ఆ జమైకావాళ్లు ‘పార్డ్‌నర్’ అనే పద్ధతిని ఆశ్రయించారు. వారం వారం తలా ఇంత వేసి, వరుస ప్రకారం ఒక్కొక్కరు మొత్తం తీసుకోవడం. అచ్చంగా మన చీటీయే. అలా చీటీ ఎత్తి పాత ఇళ్లు కొన్నారు, వాటిలో గదులు తమవారికి అద్దెకిచ్చారు. ఆ దారి దొరకనివారు పీటర్ రాక్‌మన్ వంటి యజమానుల చేతిలో పడ్డారు. 1957 అద్దె చట్టం అద్దెల మీద నియంత్రణను సడలించినప్పుడు, నాటింగ్ హిల్‌లో కిక్కిరిసిన గదులకు నోటికొచ్చినంత అద్దె వసూలు చేసి అతడు పేరుకెక్కాడు. అతడూ పోలండు నుంచి వచ్చిన శరణార్థే కావడం ఈ కథలో నాకెప్పుడూ మింగుడుపడని సంగతి. ఎవ్వరూ ఇల్లివ్వని మనుషులకు ఇల్లిచ్చినవాడు అతడే, వారి రక్తం పీల్చినవాడూ అతడే.

1965లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది. హోటళ్లు, సినిమా హాళ్లు, బస్సులు వంటి బహిరంగ స్థలాలలో వివక్షను నిషేధించిన ఆ చట్టం, ఇంటినీ ఉద్యోగాన్నీ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని టీ తాగవచ్చు, పక్కింట్లో అద్దెకుండనక్కరలేదు అన్నట్టుగా ఉండేది దాని ధోరణి. బర్మింగ్‌హాం పక్కనున్న స్మెతిక్ అనే పట్టణంలో మార్షల్ స్ట్రీట్ అనే వీధి ఉంది. ఆ వీధిలో ఖాళీ అయ్యే ఇళ్లను స్థానిక మండలి కొని తెల్ల కుటుంబాలకే ఇవ్వాలన్న ప్రతిపాదన సరిగ్గా ఆ రోజుల్లోనే నడిచింది. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవారి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ ఆ వీధిని చూడడానికి వచ్చి నడిచి వెళ్లాడు. చట్టంలోని ఈ ఖాళీ ఎంత పెద్దదో తేల్చడానికి పరిశోధకులు సులువైన పరీక్ష ఒకటి పెట్టారు. ఒకే రకమైన చదువు, సంపాదన ఉన్నట్టు చెప్పుకునే ముగ్గురిని ఒకే ఇంటికి ఒకరి తర్వాత ఒకరిని పంపించారు: ఒక ఇంగ్లీషువాడు, హంగేరీ నుంచి వచ్చిన తెల్లవాడు, వెస్టిండీసు నుంచి వచ్చిన నల్లవాడు. యాసలో పరాయివాడైన హంగేరీ మనిషికి చాలా చోట్ల దొరికిన గది, నల్లవాడికి దొరకలేదు. పరాయితనం మీద అనుమానం వేరు, రంగు మీద అనుమానం వేరు అని 1967 నాటి ఆ నివేదిక తేల్చాక, ఇంటిని చట్టంలోకి తేక తప్పింది కాదు.

1968 చట్టం ఇళ్ల అమ్మకాన్ని, అద్దెను, ఉద్యోగాలను కలుపుకుంది. దానిపై పార్లమెంటులో చర్చ జరగడానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 20న, కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు ఇనాక్ పవెల్ బర్మింగ్‌హాంలో చేసిన విద్వేష ప్రసంగం అందరికీ గుర్తే గానీ, అందులోని ముఖ్య పాత్ర ఎవరన్నది చాలామంది మరిచిపోతారు. ఆమె ఒక అద్దె ఇంటి యజమానురాలు, వృద్ధ వితంతువు. నల్లవారికి గది ఇవ్వనన్నందుకు కొత్త చట్టం తనను జైల్లో వేస్తుందని భయపడుతున్నదని పవెల్ చెప్పాడు. ఆ చట్టంలో జైలు శిక్షే లేదు. రాజీ కుదర్చడం, కుదరకపోతే సివిల్ కోర్టుకు వెళ్లడం, అంతే. యజమాని తానూ అక్కడే ఉంటూ ఇతరులతో వసతి పంచుకునే చిన్న ఇళ్లకైతే అసలు మినహాయింపే ఇచ్చారు. అయినా గడప అనే మాటకు అంత బలం ఉంది; లేని జైలును చూపించి దేశమంతటినీ కదిలించవచ్చు. అదే ఏడాది అదే ప్రభుత్వం మరో చట్టాన్ని మూడు రోజుల్లో ఆమోదింపజేసుకుంది. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడి బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్న భారతీయ సంతతివారికి, తల్లిదండ్రులలోనో తాత, అమ్మమ్మ, నానమ్మలలోనో ఒకరు బ్రిటన్‌లో పుట్టి ఉండడం వంటి బంధం ఉంటే తప్ప ఆ పాస్‌పోర్టుతో నేరుగా లోపలికి రావడానికి వీల్లేదన్నది దాని సారం. లోపల ఉన్నవారికి సమానత్వం, బయటివారికి తలుపు. ఈ రెండూ ఒకే విధానంలోని రెండు భాగాలని ఆనాటి మంత్రులు చెప్పుకున్నారు కూడా.

1972 ఆగస్టు 4న ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆసియావాళ్లందరూ 90 రోజుల్లో దేశం విడిచిపోవాలని ప్రకటించినప్పుడు ఆ తలుపు తెరవక తప్పలేదు. ఎక్కువగా గుజరాతీలైన దాదాపు 28,000 మంది, యాభై పౌండ్ల చిల్లర డబ్బుతో, ఒకటో రెండో పెట్టెలతో బ్రిటన్‌లో దిగారు. ప్రభుత్వం పునరావాస బోర్డును ఏర్పాటు చేసి, స్ట్రాడిషాల్ వంటి పాత సైనిక స్థావరాలలో 16 శిబిరాలు తెరిచింది. శీతకాలం ముంచుకొస్తుంటే సైనికుల బారకాసుల్లో చీరల మీద కోట్లు తొడుక్కున్న స్త్రీలు వరుసలో నిలబడి, ఉప్పూ కారమూ లేని ఉడకబెట్టిన కూరలు పళ్లెంలో వేయించుకున్న శిబిరాలు అవి. బోర్డు దేశాన్ని రెండు రంగులుగా విభజించింది. ఇళ్ల ఒత్తిడి ఉన్న లెస్టర్, బర్మింగ్‌హాం, లండన్ భాగాలు ఎరుపు ప్రాంతాలు, వెళ్లకూడదు. మిగిలినవి ఆకుపచ్చ ప్రాంతాలు, అక్కడికి వెళ్తే ఇల్లు చూపిస్తారు. కాగితం మీద చక్కని ఏర్పాటే. కానీ ఆకుపచ్చ ఊరిలో ఖాళీ ఇల్లు ఉంటుంది గానీ పని ఉండదు, చుట్టాలు ఉండరు, గుడి ఉండదు, పప్పూ పిండీ దొరికే కొట్టు ఉండదు. చాలామంది ఎరుపు ప్రాంతాలకే చేరారు. లెస్టర్ పేరు తాము మొదట విన్నది ఆ ప్రకటనలోనే అని తర్వాత నవ్వుతూ చెప్పుకున్నవారున్నారు. వారు కౌన్సిల్ ఇళ్ల జాబితాల కోసం పెద్దగా కాచుకోలేదు. బెల్‌గ్రేవ్ వైపు చవకగా వచ్చే పాత వరుస ఇళ్లలో బంధువుల పంచన చేరి, తర్వాత కొనుక్కున్నారు. నేడు ఆ బెల్‌గ్రేవ్ రోడ్డు బంగారు నగల దుకాణాలకు, దీపావళికి పేరు మోసింది.

అయితే కొనుక్కోగలిగినవారి కథ అది. కౌన్సిల్ ఇంటి మీదనే ఆధారపడినవారి కథ వేరు, నా దృష్టిలో చట్టానికి అసలు పరీక్ష అక్కడే జరిగింది. లండన్ తూర్పు భాగంలోని టవర్ హామ్లెట్స్‌లో బట్టల కార్ఖానాలలో కుట్టుపని చేసే బంగ్లాదేశీ కుటుంబాలు పెద్దవి, ఇచ్చే ఫ్లాట్లు చిన్నవి. ఒంటరిగా ఓ తెల్లవారి పేటలో ఇల్లిస్తే కిటికీ అద్దాలు పగిలేవి, తలుపు సందులోంచి చెత్త వచ్చి పడేది. వద్దు అంటే ‘ఇచ్చిన ఇల్లు తిరస్కరించారు’ అని రాసుకునేవారు. 1976లో వారు సంఘంగా ఏర్పడి, పడగొట్టడానికని ఖాళీగా ఉంచిన ఇళ్లలోకి కలిసికట్టుగా ప్రవేశించారు. మరుసటి ఏడు లండన్ మహానగర మండలి ఆ ఆక్రమణలను క్రమబద్ధం చేయవలసి వచ్చింది. తర్వాత 1980లలో అదే ప్రాంతపు స్థానిక మండలి, నివాసం లేక వచ్చిన బంగ్లాదేశీ కుటుంబాలతో, మీకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో ఇల్లుంది కదా, దానిని మీరే వదిలి వచ్చారు కాబట్టి మీది కావాలని తెచ్చుకున్న నిరాశ్రయత అని వాదించింది. పాత అద్దెదారుల కొడుకులకూ కూతుళ్లకూ ముందు ఇళ్లివ్వాలన్న పద్ధతీ అక్కడే నడిచింది. వినడానికి ఎంత ధర్మంగా ఉంది! తాత అక్కడ ఉండి ఉంటేనే మనవడికి ఇల్లు దక్కే ఆ నియమంలో రంగు అనే మాట వెతికినా దొరకదు. 1976 జాతి సంబంధాల చట్టం ‘పరోక్ష వివక్ష’ అనే భావనను ప్రవేశపెట్టినది ఇటువంటి నియమాలను పట్టుకోవడానికే. దానికి ఉత్తరాన ఉన్న హాక్నీలో, ఒకే రకమైన అవసరాలున్న కుటుంబాలలో తెల్లవారికి కొత్త ఇళ్లు, కింది అంతస్తులు ఎక్కువగా దక్కాయని జాతి సమానత్వ కమిషన్ దర్యాప్తు చేసి 1984 నాటి నివేదికలో తేల్చింది; మండలికి నోటీసూ ఇచ్చింది.

ఆ సమయానికి ఇళ్లే తగ్గిపోవడం మొదలైంది. 1980 గృహ చట్టంతో కౌన్సిల్ ఇళ్లను వాటిలో ఉన్నవారికే తగ్గింపు ధరకు అమ్మారు. ఇంగ్లండులో ఇప్పటికి 20 లక్షల దాకా అమ్ముడయ్యాయి. కొన్నవారు బాగుపడ్డారు, అందులో సందేహం లేదు. కానీ వాటి స్థానంలో అన్ని ఇళ్లు కట్టలేదు, జాబితా పెరిగింది, జాబితాలో ముందున్నవాడు వెనకున్నవాడిని అనుమానంగా చూడడం పెరిగింది. 1999 వలస, ఆశ్రయ చట్టం ఆశ్రయం కోరి వచ్చినవారిని కౌన్సిల్ ఇళ్ల హక్కు నుంచి తప్పించి, ఖాళీ ఇళ్లున్న ఊళ్లకు పంపించే పద్ధతి తెచ్చింది. ఊరి ఎంపిక వారిది కాదు. ఖాళీగా ఎందుకున్నాయంటే ఎవరూ కోరుకోలేదు కనుక. గ్లాస్గోలోని సైట్‌హిల్ బహుళ అంతస్తుల భవనాలు అప్పట్లో అటువంటివే. 2001 ఆగస్టులో అక్కడ ఆశ్రయం కోరి వచ్చిన ఒక కుర్దు యువకుడిని పొడిచి చంపిన తర్వాత గానీ, పేదపేటలోకి ఏ ముందుమాటా లేకుండా వేలమందిని తెచ్చి దింపడంలోని పొరపాటు ఎవరికీ పట్టలేదు. 2024 ఆగస్టు 4న ఇంగ్లండు పట్టణాలైన రాదరంలోనూ టాంవర్త్‌లోనూ ఆశ్రయం కోరినవారు బస చేస్తున్న హోటళ్ల మీద గుంపులు దాడి చేశాయి. మావాళ్లకు ఇళ్లు లేవన్న మాట ఆ రోజుల్లోనూ వినిపించింది.

ఈ వ్యవహారం మన తెలుగు పిల్లల దాకా కూడా వస్తుంది. 2014 వలస చట్టం ప్రకారం ఇంగ్లండులో ఇల్లు అద్దెకిచ్చే ప్రతి యజమానీ, కిరాయిదారుకు ఆ దేశంలో ఉండే హక్కు ఉందో లేదో తనిఖీ చేయాలి, లేకుంటే జరిమానా. నా మేనల్లుడు చదువు కోసం వెళ్లిన కొత్తలో ఒక ఏజెంటుకు తన వీసాను ఆన్‌లైన్‌లో తనిఖీ చేసుకునే సంకేత సంఖ్య, అంటే షేర్ కోడ్, ఇస్తే, ఆయన ఎంతో మర్యాదగా, ‘ఈ కంప్యూటర్ గొడవలు నాకు తెలియవు బాబూ, పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని సాయంత్రం ఒకరు వస్తున్నారు’ అన్నాడట. ఆ ఏజెంటుకు వాడి రంగు మీద ద్వేషం ఉందని నేననుకోను. జరిమానా భయం ఉంది, తేలిక దారి ఉంది. 2019లో లండన్ హైకోర్టు ఈ చట్టం యజమానులను వివక్ష వైపు నెడుతున్నదని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు అప్పీలు కోర్టు, వివక్ష కొంత జరుగుతున్నది నిజమే అయినా చట్టం ఉద్దేశాన్ని బట్టి అది సమర్థనీయమేనంది. 1968లో నిషేధించిన దానిని 2014లో యజమాని చేతికే మళ్లీ ఇచ్చినట్టయింది.

ఆశ్రయం కోరి వచ్చిన మనిషి దరఖాస్తు తేలేవరకు ప్రభుత్వం చూపిన గదిలో ఉంటాడు. పని చేయడానికి సాధారణంగా అనుమతి ఉండదు. సొంతంగా వండుకునే వసతి ఉంటే 2024 లెక్కన వారానికి 49 పౌండ్ల 18 పెన్నీలు ఇస్తారు. దానిలో అడ్వాన్సుకు దాచుకునేది ఏముంటుంది? ఏ ఏడాదికో రెండేళ్లకో ఉత్తరం వస్తుంది, నీవు శరణార్థివేనని ఒప్పుకున్నాం అని. ఆ ఉత్తరం వచ్చిన తర్వాత 28 రోజుల్లో గది ఖాళీ చేయాలన్నది ఎన్నో ఏళ్లు అమలులో ఉన్న నియమం. ఆ 28 రోజుల్లోనే బ్యాంకు ఖాతా తెరవాలి, పని వెతుక్కోవాలి, అడ్వాన్సు సంపాదించాలి, షేర్ కోడ్ చూసి తల తిప్పుకోని యజమానిని పట్టుకోవాలి. స్థానిక మండలి కార్యాలయానికి వెళ్తే, ఒంటరి మనిషివి, ఆరోగ్యంగా ఉన్నావు, ఈ ఊళ్లో ఉన్నది కొద్ది కాలమే, జాబితాలో పేరు రాసుకో అంటారు.