వెనిగర్ కొడితే కలుపు చస్తుందా? ఉప్పు మాత్రం వద్దండి బాబూ

హాయ్ అండి అందరికీ. ఈ మధ్య ఏ గార్డెనింగ్ వీడియో చూసినా ఒకటే చిట్కా, వెనిగర్‌లో ఉప్పేసి కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కలుపు మీద కొట్టండి, సాయంత్రానికల్లా మాడిపోద్ది అని. మాడిపోద్ది, నిజమే. నేనూ పొద్దున్నే ఎండ పడే టైమ్‌లో కొట్టా, సాయంత్రానికి ఆకులన్నీ గోధుమ రంగులోకి తిరిగాయి, తెగ సంబరపడిపోయా. 2 వారాలు తిరక్కుండానే తుంగ మళ్లీ అక్కడే, పచ్చగా, నన్ను వెక్కిరిస్తున్నట్టు.

విషయం ఏంటంటే వంటింటి వెనిగర్‌లో ఉండేది 5 శాతం దాకా ఎసిటిక్ యాసిడ్, అది తగిలిన ఆకుని కాలుస్తుంది అంతే, వేరు దాకా దిగదు. తుంగకేమో కింద గడ్డలుంటాయి, గరికకి మట్టిలో పాకే కాడలుంటాయి, పైన ఆకు పోతే వాటికొచ్చిన నష్టమేంటి, మళ్లీ వేస్తాయి. అప్పుడే మొలిచి 2, 3 ఆకులేసిన బుల్లి మొక్కలైతే మాత్రం చస్తాయి, వాటికి వాడండి. సబ్బు లిక్విడ్ ఎందుకంటే ఆకు మీద మైనం లాంటి పొరకి నీళ్లు నిలవవు, జారిపోతాయి, సబ్బుంటే అంటుకుంటాయి, ఓ చెంచా చాలు. గాలి లేనప్పుడే కొట్టండి, పక్కనున్నది మీ టమాటా మొక్క అని వెనిగర్‌కి తెలీదు కదా.

ఇక ఉప్పు. అది కుళ్లేది కాదు, ఎగిరిపోయేది కాదు, మట్టిలోనే కూర్చుంటుంది, వేర్లకి నీళ్లు అందనివ్వదు, సోడియం పెరిగితే నేల గట్టిపడిపోద్ది. నేను ఒక మడిలో ఓ మూల పోశా, కలుపు పోయింది, ఆ తర్వాత వేసిన బెండ గింజలు కూడా పోయాయి. బేకింగ్ సోడా మంచిదంటారు కొందరు, అందులోనూ సోడియమేనండి! బండల సందుల్లో మొలిచేవాటికి మరిగే నీళ్లు పోస్తే సరిపోద్ది, కాళ్లు జాగ్రత్త.

మడుల్లో అయితే నాకు పనిచేసింది చీకటి. అట్టపెట్టెలకి టేపు, పిన్నులు పీకేసి, ఒకదాని మీదకి ఇంకోటి కాస్త ఎక్కేలా పరిచి, బాగా తడిపి, పైన 3 అంగుళాల మందాన ఎండుటాకులు పోశా, వెలుతురు లేక గింజలు చాలా వరకు మొలవలేదు, మొలిచినవీ పాలిపోయి పోయాయి. మొక్క మొదలుకి మాత్రం ఆనించకండి, కుళ్లుద్ది. తుంగ అట్టని కూడా పొడుచుకొస్తుంది, దాన్ని వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డతో సహా తవ్వి తీయాల్సిందే, వేరే మంత్రం లేదు.

వయ్యారిభామ (పార్థీనియం కలుపు) ఉంటే పూత రాకముందే పీకేయండి, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, దురద పెడుద్ది. అన్నట్టు గంగవాయిలి, మీ వైపు గంగపాయల అంటారేమో, పీకి అక్కడే పడేయకండి. నేను పీకి మడి పక్కనే కుప్ప పోసి వచ్చేశా, ఆ రాత్రి వాన పడింది, వారం తర్వాత చూస్తే కుప్ప కుప్పంతా వేరు పోసుకుని కూర్చుంది.